తాగి నడిపిన కేసుకి లాయర్ ఫీజు: మా ఇంట్లో పడిన లెక్క

రాత్రి పన్నెండున్నరకి తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, పోలీసులు ఆపి ఊదించారు, బండి తీసేసుకున్నారు" అన్నాడు. నా నోట్లోంచి ముందు వచ్చిన మాట "ఎవరికైనా తగిలిందా?" అనే. లేదన్నాడు. అప్పటికి ప్రాణం కుదుటపడింది కానీ కోపం మాత్రం చాలా రోజులు తగ్గలేదు. తాగి బండి నడపడం పొరపాటు కాదు, తెలిసి చేసే తప్పు. చేసింది నా తమ్ముడైనా ఆ మాట మార్చను. వాణ్ణి వెనకేసుకు రావడానికి ఇది రాయడం లేదు. ఆ తర్వాత పది రోజులు మా ఇంట్లో ఒకటే చర్చ, లాయర్‌ని పెట్టుకోవాలా, అంత డబ్బు పెట్టడం అవసరమా అని. అదే పరిస్థితిలో ఇంకో కుటుంబం ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను.

నాన్న లెక్క సూటిగా ఉంది. జరిమానా ఇంత, లాయర్ అడిగేది దానికి ఎన్నో రెట్లు, కోర్టుకెళ్లి తప్పు ఒప్పుకుని కట్టేసి వస్తే సరిపోతుంది కదా అన్నారు. బాబాయి మాత్రం ఎంతైనా ఫర్వాలేదు, పెద్ద లాయర్‌ని పెట్టండి, కేసు కొట్టేయిస్తాడు అని పట్టుబట్టాడు. నాకు రెండూ సరిగ్గా అనిపించలేదు. నాన్న ఫీజుని జరిమానాతో పోలుస్తున్నారు, బాబాయి ఫలితం ముందే ఖాయమైనట్టు మాట్లాడుతున్నాడు.

నిజానికి ఇలాంటి కేసులో జరిమానా చిన్న ముక్క. లైసెన్స్ సస్పెండ్ అయితే అన్ని నెలలు ఉద్యోగానికి ఎలా వెళ్లాలి, తర్వాత ఇన్సూరెన్స్ ప్రీమియం ఎంత పెరుగుతుంది, శిక్ష పడినట్టు రికార్డులోకి ఎక్కితే రేపు ఉద్యోగం మారేటప్పుడో వీసాకి అప్లై చేసేటప్పుడో ఏం చెప్పుకోవాలి, వాయిదాలకి తిరిగిన రోజుల జీతం సంగతేంటి. ఇవన్నీ ఒక కాగితం మీద రాశాను. మా తమ్ముడిది రోజంతా బండి మీద తిరిగే ఉద్యోగం. లైసెన్స్ లేని ప్రతి నెలా వాడికి జీతం లేని నెలే. ఆ ఒక్క వరుస రాశాక నాన్న మాట్లాడలేదు. అదే ఆఫీసులో కూర్చుని పనిచేసేవాడైతే, బస్సులో వెళ్లి రాగలిగితే, ఆ వరుస చాలా చిన్నదయ్యేది. అందుకే ఎవరి లెక్క వాళ్లు వేసుకోవాలి, పక్కింటివాళ్లు ఏం చేశారన్నది ఇక్కడ పనికిరాదు.

తర్వాత చూడాల్సింది కాగితాలు, ముఖ్యంగా ఊదినప్పుడు మిషన్ చూపించిన రీడింగ్. పరిమితి దేశాన్ని బట్టి మారుతుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ భారత్‌లో 30 మిల్లీగ్రాములు, యూరప్‌లో చాలా దేశాల్లో 50, ఇంగ్లండ్‌లోనూ అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ 80. తమ్ముడి రీడింగ్ పరిమితికి దగ్గర్లో ఎక్కడా లేదు, రెండింతలు దాటింది. ఇది ఎందుకు ముఖ్యమో అర్థం కావాలంటే ఆ మిషన్ ఏం చేస్తుందో తెలియాలి.

అది రక్తాన్ని చూడదు. ఊపిరితిత్తుల లోపల్నుంచి వచ్చే గాలిలో ఉన్న ఆల్కహాల్‌ని కొలుస్తుంది. దాన్నిబట్టి రక్తంలో ఎంత ఉందో లెక్క కడతారు. 2,100 మిల్లీలీటర్ల ఊపిరిలో ఎంత ఆల్కహాల్ ఉంటే ఒక మిల్లీలీటరు రక్తంలో అంత ఉన్నట్టు అమెరికాలో లెక్క, బ్రిటన్‌లో ఆ 2,100 స్థానంలో 2,300 వాడతారు. మనిషిని బట్టి, సమయాన్ని బట్టి కూడా ఈ నిష్పత్తి కొంత మారుతుంది. తాగిన వెంటనే ఊదినా, త్రేన్పు వచ్చినా, ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వాడినా నోట్లో మిగిలిందే మిషన్‌లోకి వెళ్లి రీడింగ్ పెరగొచ్చు, అందుకే చాలా చోట్ల ఊదించే ముందు 15 నిమిషాలు ఆగాలని నియమం. ఇంకోటి, తాగడం ఆపాక కూడా అరగంట నుంచి రెండు గంటల దాకా రక్తంలో ఆల్కహాల్ పెరుగుతూనే ఉండొచ్చు, ఆ తర్వాత 100 మిల్లీలీటర్ల రక్తంలో గంటకి సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది. అంటే బండి నడిపిన సమయానికీ ఊదిన సమయానికీ మధ్య ఎంత తేడా ఉందన్నది కూడా వాదనకి పనికొస్తుంది.

రీడింగ్ పరిమితి మీద కొద్దిగా మాత్రమే ఉంటే వీటిలో ఏదైనా కేసుని మార్చగలదు, మంచి లాయర్ మిషన్ కాలిబ్రేషన్ (సరిగ్గా కొలుస్తోందో లేదో సరిచూడటం) తేదీ దగ్గర్నుంచి అన్నీ అడుగుతాడు. రక్తం తీసుకుంటే దాన్ని ఎలా నిల్వ చేశారు, ఎవరి చేతుల మీదుగా వెళ్లింది, చర్మం తుడవడానికి స్పిరిట్ వాడారా అన్నవి కూడా చూస్తారు. కానీ రెండింతలు దాటిన రీడింగ్‌ని వీటితో పరిమితి కిందకి దించడం చాలా కష్టం. బాబాయికి ఇది చెప్పడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది.

మేం చేసిన పని ఒక్కటే, కేసు అప్పగించకుండా ముందు ఒక గంట సలహాకి మాత్రం ఫీజు కట్టి ఇద్దరు లాయర్లని కలిశాం. తారీఖు దగ్గరపడిందని కంగారు పడకండి, లాయర్‌తో మాట్లాడాలి అని అడిగితే మొదటి వాయిదాలో సాధారణంగా టైమ్ ఇస్తారు. మొదటాయన కాగితాలు పూర్తిగా చూడకుండానే "నేను చూసుకుంటాను, కేసు ఉండదు" అన్నాడు. అక్కడే లేచి వచ్చేశాం. ఫలితానికి గ్యారంటీ ఇచ్చే లాయర్‌ని నేను నమ్మను, ఆ మాట ఇవ్వగలిగే అధికారం ఎవరికీ లేదు. గెలిస్తేనే ఫీజు అనే పద్ధతి కూడా ఇలాంటి క్రిమినల్ కేసుల్లో భారత్‌లోనూ అమెరికాలోనూ లాయర్ల నియమాలు ఒప్పుకోవు, ఎవరైనా అలా అంటే జాగ్రత్త పడాలి.

రెండో ఆవిడ అరగంట సేపు కాగితాలు చదివి, ఊదించిన సమయం, మిషన్ వివరాలు చూసి, "ఇందులో పోరాడేంత లోపం నాకు కనిపించలేదు, మీ డబ్బు విచారణ మీద పెట్టొద్దు" అంది. తనకి రాబోయే ఫీజుని తనే వద్దంది కదా, నాకు ఆ క్షణంలోనే నమ్మకం కుదిరింది. తప్పు ఒప్పుకోవడమే మంచిదని, కానీ ఇది మొదటిసారి అని, ఎవరికీ హాని జరగలేదని, జీవనాధారమే డ్రైవింగ్ అని కోర్టు ముందు సరిగ్గా పెట్టడానికి, లైసెన్స్ విషయం విడిగా చూడటానికి మాత్రం ఎవరో ఒకరు ఉండాలని చెప్పింది. కొన్ని దేశాల్లో లైసెన్స్ రద్దు అనేది కోర్టు కేసుకి సంబంధం లేకుండా వేరే దారిలో నడుస్తుంది, అప్పీలు చేసుకోవడానికి గడువు చాలా తక్కువ ఉంటుంది, అందరూ కోర్టు తారీఖు మీదే దృష్టి పెట్టి దాన్ని వదిలేస్తారు. ఆ రెండు పనుల వరకే ఆవిడని పెట్టుకున్నాం, మొదటాయన అడిగినదాంట్లో మూడో వంతు కూడా కాలేదు.

ఫీజు మాట్లాడేటప్పుడు మొహమాటపడితే తర్వాత బాధపడాలి. మొత్తానికి ఒకే ఫీజా, గంటకి ఇంత అనా, ప్రతి వాయిదాకీ వేరేగానా. విచారణ దాకా వెళితే అదనం ఎంత. నిపుణుడి చేత రిపోర్టు తెప్పిస్తే ఆ ఖర్చు ఎవరిది. కోర్టుకి ఆవిడే వస్తుందా, జూనియర్‌ని పంపుతుందా. ఇవన్నీ అడిగి కాగితం మీద రాయించుకున్నాను.

ఇక్కడ ఒకటి స్పష్టంగా చెప్పాలి. మాది తేలిక కేసు. ప్రమాదంలో ఎవరికైనా దెబ్బ తగిలినా, ఇది రెండోసారి అయినా, ఊదడానికి ఒప్పుకోలేదని విడిగా కేసు పెట్టినా, వేరే దేశంలో వీసా మీద ఉన్నా ఫీజు గురించి ఆలోచిస్తూ కూర్చోకండి, అప్పు చేసైనా లాయర్‌ని పెట్టుకోండి, జైలు దాకానో, వీసా పోయేదాకానో వెళ్లే దారులు అవి. అప్పు కూడా పుట్టకపోతే ఉచిత న్యాయ సహాయం అడగండి. అర్హత ఉన్నవాళ్లకి అది హక్కు, కానీ అడగకపోతే చాలాసార్లు ఎవరూ గుర్తు చేయరు, కోర్టులో పేరు పిలిచిన రోజే అడగాలి. ఉచితంగా వచ్చే లాయర్ పనికిరాడనే మాట నమ్మకండి. రోజూ అదే కోర్టులో ఇవే కేసులు చూసేవాళ్లకి, ఆస్తి తగాదాలు చూసే పెద్ద పేరున్న లాయర్ కంటే ఈ పని బాగా తెలిసి ఉండొచ్చు.

తమ్ముడికి జరిమానా పడింది, లైసెన్స్ సస్పెండ్ అయింది, కానీ మేం భయపడినన్ని నెలలు కాదు. ఆ నెలలన్నీ ఆఫీసువాళ్లు వాణ్ణి గోడౌన్ పనిలో పెట్టుకున్నారు, జీతం కొంత తగ్గింది. లాయర్ ఫీజు మూడు విడతలుగా కట్టాం. మొదటి రెండూ నాన్న ఇచ్చారు, చివరిది ఆ తగ్గిన జీతంలోంచి వాడే తీసుకొచ్చి నా చేతిలో పెట్టాడు.