తొండల చుట్టానికి చెక్క ఇల్లు

మావాడు బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లిజాతి జీవిని పెంచుకుంటానన్నప్పుడు వద్దనడానికి మా ఇంట్లో కారణాలకేం కొదవ లేదు. బల్లి మీద పడితే తలస్నానం చేసి, పంచాంగంలో ఫలితం చూసుకునే వాళ్లం. అయినా నేను సరేనన్నాను. వాడు చూపించిన ఫొటోలోది అచ్చం మన తొండ తలకాయే. పుట్టిల్లు ఆస్ట్రేలియా ఎడారులైనా అదీ మన తొండా ఒకే అగామిడే కుటుంబం. మా తాండూరు వైపు గోడ మీద తొండ తల ఆడిస్తే చాలు, పిల్లల చేతుల్లోకి రాళ్లొచ్చేవి. ఒహాయోలో పుట్టిన నా కొడుకు దాని చుట్టానికి ఇల్లు కడతానంటుంటే కాదనబుద్ధి కాలేదు. ఒకటే షరతు పెట్టాను. ఏ వస్తువు ఎందుకు కొంటున్నామో ముందు వాడు నాకు చెప్పాలి.

చాలామంది గాజు ట్యాంకు కొంటారు. మేముండే కొలంబస్ ఊళ్లో చలికాలం ఇంట్లో హీటర్ నడిచినా ఇరవై డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఈ జీవికేమో ఒక మూల 40 డిగ్రీల దాకా వేడెక్కే చోటు కావాలి, రెండో మూల 25 ఉంటే చాలు. పైన జాలీ ఉన్న గాజు ట్యాంకులో వేడి నిలవదు, చెక్కలో నిలుస్తుంది. అందుకే ప్లైవుడ్ అనుకున్నాం. పెద్దయిన జంతువుకు కనీసం నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉండాలి. వాడు కాగితం మీద గీసి చూపించాడు: నాలుగు బై ఎనిమిది షీటును రెండడుగుల పట్టీలుగా నాలుగు ముక్కలు కోస్తే అడుగు, కప్పు, వెనక గోడ వస్తాయి, నాలుగోదాన్ని సగానికి కోస్తే రెండు పక్కలు. రంపానికి పోయే కాస్త తప్ప షీటులో వృథా లేదు. లెక్కల పుస్తకం తెరవమంటే తప్పించుకునే పిల్లాడు!

షాపులో సీడర్ పలక దగ్గర ఆగి, ముక్కు ఆనించి, "అమ్మా, ఇది తీసుకుందాం, ఎంత మంచి వాసనో" అన్నాడు. నాకూ నచ్చింది, గంధం, సాంబ్రాణి వాసనల మధ్య పెరిగినదాన్ని కదా. కానీ ఆ వాసననిచ్చే నూనెలే సరీసృపాల ఊపిరితిత్తులకు చేటు. అది చదివి చెప్పిందీ వాడే, పలకను తిరిగి పెట్టేసిందీ వాడే. చెక్కపొడి అదిమి చేసే ఎండీఎఫ్ పలక చవకే కానీ తడి తగిలితే ఉబ్బుతుంది. ప్లైవుడ్‌కు నీటితో చేసిన పాలీయురెథేన్ వార్నిష్ పూసి, వాసన పూర్తిగా పోయేదాకా గరాజ్‌లోనే ఉంచాం. వాడి ఆత్రం చూసి జాలేసినా నేను తొందరపడనివ్వలేదు. ముందువైపు పక్కకు జరిగే గాజు తలుపులు పెట్టాం, అక్రిలిక్ అయితే బల్బు వేడికి వంగుతుంది. ఎండలో ఉండే యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలను కిటికీ గాజు ఆపేస్తుంది కాబట్టి పెట్టెను ఎండలో పెట్టినా లాభం లేదు. యూవీబీ లైటు లోపలే ఉండాలి. అది లేకపోతే ఒంటికి కాల్షియం పట్టక ఎముకలు మెత్తబడతాయి. వేడి బల్బుకు చుట్టూ తీగ పంజరం, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తప్పనిసరి.

అడుగున ఏం పరవాలన్నది తేల్చింది మా నాన్న. ఊళ్లో ఇల్లంతా నాపరాళ్లే. వీడియో కాల్‌లో పెట్టె చూసి, "గా చెక్క మీద ఒక నాపరాయి పలక వెయ్యి బిడ్డా, పొద్దుగూకినా వేడి పోదు" అన్నారు. నిజమే, రాయి వేడి పట్టి ఉంచుతుంది, తుడవడం తేలిక, గోళ్లూ అరుగుతాయి. తాండూరు బండ ఇక్కడ దొరక్క స్లేట్ టైల్ వేశాం. అప్పట్నుంచి తాతామనవళ్ల కాల్స్‌లో "తిన్నావా, చదివావా" తగ్గి, తొండల కబుర్లు పెరిగాయి. ఎండ ఎక్కే వేళ తొండ ఏ గోడ మీదకు చేరుతుందో నాన్న చెబుతుంటే వీడు నోట్ చేసుకుంటాడు. నేను ఇన్నేళ్లుగా చెప్పాలని చూసిన ఊరు వాడికి ఇలా చేరుతోంది. నాకు అంతకన్నా ఏం కావాలి?

పెట్టె వాడి గదిలోనే ఉంది. తాలింపు పొగ, అగరుబత్తి పొగ రెండూ తగలని చోటు అదొక్కటే. ఐదేళ్ల లోపు పిల్లలుంటే సాల్మొనెల్లా అనే బాక్టీరియా భయం ఎక్కువని, మా చిన్నదానికి ఐదు నిండేదాకా ఆగి మరీ తెచ్చాం. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే, నీళ్ల గిన్నె వంటింటి సింకులోకి రాకూడదు. దాన్ని గరాజ్‌లో కడిగే పని వాడిదే, మంచు పడుతున్నా సరే.