డొమైన్ అథారిటీ వెంటపడి నేను పోగొట్టుకున్న నెలలు

పాత ఫిల్మ్ కెమెరాలు విప్పి బాగుచేసుకోవడం గురించి నాకో చిన్న సైట్ ఉంది. ఒకరోజు మాజ్ అనే కంపెనీ టూల్‌లో దాని డొమైన్ అథారిటీ, అంటే సైట్ బలానికి వాళ్లు వేసే మార్కు, చూశాను. నూటికి 14. పరీక్ష తప్పినట్టు అనిపించింది. గూగుల్‌లో ఎక్కడో అడుగున ఉండడానికి ఇదే కారణమని అక్కడికక్కడే తేల్చేసుకున్నాను.

వేరే సైట్ల నుంచి మన సైట్‌కి వచ్చే లింకులు ఎక్కువైతే ఆ మార్కు పెరుగుతుంది. అలాంటి లింకులు అమ్మే ఒకాయన దొరికాడు. పేరెందుకులెండి, కొన్నది నేనే కదా. మూడు నెలల్లో స్కోర్ 31 అయింది. రోజూ లేవగానే అది చూసుకుని మురిసిపోయేవాణ్ణి. గూగుల్ నుంచి ఎందరు వస్తున్నారో చూపించే సెర్చ్ కన్సోల్ తెరిచేసరికి క్లిక్కులు సగానికి సగం లేవు. పైగా మాన్యువల్ యాక్షన్ (గూగుల్ మనుషులు చూసి వేసే శిక్ష) నోటీసు: సైట్‌కి అసహజమైన లింకులు వస్తున్నాయట.

అప్పుడు కూర్చుని చదివాను. డొమైన్ అథారిటీ గూగుల్‌ది కాదు. ఏ సైట్ పైకి రావచ్చో మాజ్ తన దగ్గరున్న లింకుల లెక్కతో వేసే అంచనా అది. ర్యాంకింగ్‌లో దాన్ని తాము వాడడం లేదని గూగుల్ వాళ్లు చాలాసార్లు చెప్పారు. లింకులను బట్టి పేజీకి వాళ్లు వేసే సొంత అంకె, పేజ్‌ర్యాంక్, ఒకప్పుడు బ్రౌజర్‌లోని గూగుల్ టూల్‌బార్‌లో 0 నుంచి 10 వరకు కనిపించేది. 2013 తర్వాత ఆ అంకెను మార్చడం మానేసి, 2016లో తీసేశారు. మంచి లింకులు సంపాదించుకున్న సైట్లకి స్కోరూ ర్యాంకూ రెండూ బాగుంటాయి. అది చూసే, స్కోర్ పెంచితే ర్యాంకూ వస్తుందనుకుని నేను బోల్తా పడ్డాను.

బయటపడడం పెద్ద తతంగం. కన్సోల్ నుంచి లింకుల జాబితా దింపుకుని ఒక్కొక్కటీ తెరిచాను. ఒకే మూసలో పోసిన పేజీలు, క్యాసినోల పక్కన నా కెమెరా షట్టర్. తీసేయమని మెయిళ్లు పెట్టాను. కొందరు తీశారు, ఒకతను తీయడానికి కూడా డబ్బులడిగాడు! మిగిలినవి డిసవావ్ ఫైల్‌లోకి, అంటే ఈ లింకుల్ని లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కి ఇచ్చే జాబితాలోకి, ఎక్కించాను. మామూలు టెక్స్ట్ ఫైలే, లైనుకో డొమైన్. ఆపైన రీకన్సిడరేషన్ రిక్వెస్ట్, శిక్ష ఎత్తేయమని గూగుల్‌కి పెట్టుకునే అర్జీ. మొదటిసారి ఆ లింకులు గిట్టనివాళ్లెవరో పెట్టినట్టు రాశాను, తిరస్కరించారు. రెండోసారి కొన్నానని ఒప్పేసుకుని, ఎవరికి ఎప్పుడు మెయిల్ పెట్టానో ఉన్న షీట్ లింక్ ఇచ్చాను. మూడు వారాల టెన్షన్ తర్వాత చర్య ఎత్తేశారు.

క్లిక్కులు వెంటనే రాలేదు. జనం ఏ మాటలతో వెతుకుతున్నారో కన్సోల్‌లో చూసి, షట్టర్ ఇరుక్కుపోతే ఏం చేయాలో చెప్పే పేజీని మొదట్నుంచీ తిరగరాశాను. కొన్నాళ్లకి అది ఫలితాల మొదటి పేజీలోకి వచ్చింది. ఆరోజు సరదాగా స్కోర్ చూశాను. 13.