ఏసీ వాసన, అత్తయ్యగారి దుప్పట్లు

నిన్న రాత్రి పదింటికి అత్తయ్యగారు దిండు చంకన పెట్టుకుని మళ్ళీ వెనక గదిలోకి వెళ్ళి పడుకున్నారు. చాలా రోజుల తర్వాత. అందుకే ఇవాళ వంట కూడా పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. కోపం చల్లారితే ఇంక రాయను, నా సంగతి నాకు తెలుసు.

మాది రాజమండ్రి, దానవాయిపేటలో అపార్ట్‌మెంటు, రెండో అంతస్తు. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్ని. అత్తయ్యగారిది అమలాపురం దగ్గర పల్లె. మార్చిలో కుడికంటికి శుక్లం తీయించి, కళ్ళలోకి చెమట, దుమ్ము పోకూడదన్నారని మా దగ్గరే ఉంచుకున్నాం. వెనక గదిలో ఒక టన్ను స్ప్లిట్ ఏసీ ఉంది. అక్టోబరు తర్వాత దాన్ని ముట్టుకున్నవాళ్ళు లేరు.

ఆవిడ వచ్చిన రోజు మధ్యాహ్నం ఏసీ వేశాం. రెండు నిమిషాల్లో గదంతా వాసన. తడి సాక్సులు అన్నారు మా వారు. చచ్చిన ఎలుక అన్నాడు మా అబ్బాయి. అత్తయ్యగారు కూడా ఏదో అన్నారు గానీ, నేను వంటింట్లో మిక్సీ వేసి ఉన్నాను, వినబడలేదు.

ఫిల్టర్లు తీసి కడిగాం. ఏం తేడా లేదు.

కంపెనీకి ఫోన్ చేస్తే, టెక్నీషియన్ వచ్చేదాకా 18లో పెట్టుకోండి మేడం, చల్లదనానికి వాసన తెలియదు అని సలహా ఇచ్చిందా అమ్మాయి. 2020 జనవరి నుంచి తయారయ్యే ఏసీలన్నీ వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా ఉండాలని ప్రభుత్వమే నిబంధన పెట్టింది. దాని గురించి పిల్లలకి ఏటా క్లాసులో చెబుతాను. ఆ అమ్మాయికి కూడా చెప్పాను. "ఓకే మేడం, ఇంకేమైనా సహాయం కావాలా" అంది.

మొదటి టెక్నీషియన్ మంచివాడే. జెట్ సర్వీస్ చేశాడు, 850 రూపాయలు. ఏసీ చుట్టూ ప్లాస్టిక్ సంచి కట్టి నీళ్ళు కొడితే, బకెట్‌లోకి డికాక్షన్ రంగు నీళ్ళు దిగాయి. గాలి తోసే బ్లోవర్ రెక్కల మీద ఏముందో సెల్‌ఫోన్ లైటు వేసి చూపించాడు. నల్లగా, జిగటగా, పాత నీళ్ళ ట్యాంకు అడుగున ఉండే పాచిలాంటిది. ఏసీ నడుస్తున్నప్పుడు లోపలి చల్లటి గొట్టాల చుట్ట, అదే కాయిల్, మీద నీళ్ళు పడతాయి కదా, ఆ తడికి దుమ్ము అంటుకుని అందులో బూజు, బాక్టీరియా పెరుగుతాయి. మళ్ళీ ఏసీ వేయగానే వచ్చే మాసిన సాక్సుల కంపు అదే. చాలా ఇళ్ళలో వ్యవహారం ఇక్కడితో తీరిపోతుంది. మీది కూడా ఈ రకమే అయితే ఒక్క మాట. పైపైన కాయిల్ మీద నీళ్ళు చల్లి పోనివ్వకండి, బ్లోవర్ శుభ్రమయ్యిందో లేదో లైటు వేసి మీ కళ్ళతో మీరే చూడండి. కాయిల్‌కి యాసిడ్ కొడతానంటే మాత్రం వద్దనండి. అల్యూమినియం రేకులు తినేస్తుంది.

మా ఇంట్లో అతను కొట్టిన మందు వాసన ఉన్నంతసేపూ బాగానే ఉంది. మూడో రోజు పొద్దున్నే మళ్ళీ మొదలు.

రెండోసారి వేరే అతను వచ్చాడు. బయట యూనిట్‌కి గేజ్ తగిలించి, ముఖం అదోలా పెట్టి, "గ్యాస్ లీకవుతోంది మేడం, ఆ వాసనే ఇది. మొత్తం ఫిల్లింగ్ చెయ్యాలి, మూడు వేలు" అన్నాడు. దొరికాడురా అనుకున్నాను. గదేమో పది నిమిషాల్లో చల్లబడుతోంది, కాయిల్ మీద ఎక్కడా మంచు కట్టలేదు. ఏసీలో గ్యాస్ మోటారు సైకిల్లో పెట్రోలులా వాడేకొద్దీ అయిపోయేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు, ముందు ఆ చోటు చూపించాలి. పైగా మా ఏసీలోది ఆర్32 రకం గ్యాస్, దానికి డ్రైనేజీ కంపులాంటి వాసన ఉండదు. ఇవన్నీ అతని ముందు వరసగా ఏకరువు పెట్టాను. సబ్బు నీళ్ళు తెస్తాను, జాయింట్ల మీద బుడగలు వస్తున్నాయేమో చూపించు బాబూ అన్నాను. గేజ్ విప్పేసి వెళ్ళిపోయాడు. ఆ రోజు స్టాఫ్ రూములో ఈ కథ మూడుసార్లు చెప్పుకున్నాను, అబద్ధమెందుకు.

ఆ పొగరంతా నాలుగు రోజుల్లో దిగిపోయింది.

మూడోసారి వచ్చినతను సీనియర్ట. ఇస్త్రీ చొక్కా, చేతిలో ట్యాబ్. ఏసీ మూత తెరవను కూడా తెరవలేదు. గది మధ్యలో నిలబడి గాలి పీల్చాడు. తర్వాత మంచం దగ్గరికి వెళ్ళాడు. దుప్పటి అంచు రెండు వేళ్ళతో, మన పిల్లలు బొద్దింక మీసం పట్టుకున్నట్టు, ఎత్తి వాసన చూశాడు. మంచం పక్క బల్ల మీద అత్తయ్యగారి మహానారాయణ తైలం సీసా ఉంటే దాన్నీ మూత తీసి చూశాడు. ఆవిడ మోకాళ్ళకి రాసుకుంటారు. అప్పుడు నా వైపు తిరిగి, గొంతు కూడా తగ్గించకుండా అన్నాడు:

"ఏసీలో ఏం లేదు మేడం. పెద్దవాళ్ళు ఉండే గదుల్లో ఈ వాసన మామూలే. గాలి బయటికి పోదు కదా, అదే తిరుగుతూ ఉంటుంది."

అత్తయ్యగారు తలుపు దగ్గరే ఉన్నారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, అతనికోసం మజ్జిగ గ్లాసు పట్టుకుని.

నేనేం అనాలి? మూడు వేల రూపాయల దగ్గర రెచ్చిపోయి మాట్లాడినదాన్ని, అక్కడ నోరు పెగల్లేదు. ఎందుకో తెలుసా? నాకూ లోపల ఎక్కడో ఆ అనుమానం ఉంది. ఉండబట్టే ముందు రోజు సూపర్‌మార్కెట్‌లో మల్లెల రూమ్ ఫ్రెషనర్ కొని, ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు ఆ గదిలో కొట్టి వచ్చాను. డబ్బా బీరువా మీద, ముందుకు కనిపించకుండా పెట్టాను. ఆ సీనియర్ దాన్ని కూడా చూశాడు. చూసి, మీకూ తెలిసిందే కదా అన్నట్టు నా వంక చిన్న నవ్వు నవ్వాడు.

ఆ నవ్వు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

తర్వాత ట్యాబ్‌లో ఏదో కొట్టుకుని "ఓటీపీ చెప్పండి మేడం" అన్నాడు. చెప్పేశాను. నాలుగంకెలు చదివి వినిపించాను, స్కూల్లో పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు. ఓటీపీ ఇచ్చామంటే సమస్య తీరిందని మనం సంతకం పెట్టినట్టే. అర నిమిషంలో కంప్లైంట్ క్లోజ్ అయిందని మెసేజ్ వచ్చింది. అతను మజ్జిగ కూడా తాగి వెళ్ళాడు.

అత్తయ్యగారు పల్లెత్తు మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ. మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి, ఆవిడ దుప్పట్లు, దిండు గలీబులు రెండూ బాల్కనీ తీగ మీద ఆరుతున్నాయి. కంటికి నీళ్ళు తగలకూడదని డాక్టరు చెప్పాక కూడా, బకెట్‌లో నానబెట్టి చేత్తో ఉతికారు. తైలం సీసా బల్ల మీద లేదు. ఎక్కడుందని వెతికితే గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టుకున్నారు. మోకాళ్ళు నొప్పి పెడుతున్నా రాసుకోవడం లేదు. రోజుకి రెండు స్నానాలు. సాయంత్రం సాంబ్రాణి. మూడో రోజుకి "హాల్లో అయితే పిల్లాడితో మాట్లాడుకోవచ్చు" అని నవారు మంచం హాల్లో వేయించుకున్నారు. బయట గోదావరి ఉక్క. ఫ్యాను గాలి మొహానికి వేడిగా తగులుతూంటే, కండువా తడిపి మెడ మీద వేసుకుని పడుకునేవారు. మా వారు నన్ను అడిగారు, ఏమైంది అని. నేను చెప్పలేదు. ఇది చదివితేనే ఆయనకి తెలుస్తుంది.

కంపెనీ టెక్నీషియన్ యూనిఫాం వేసుకుని వస్తాడు కాబట్టి అతనికి అన్నీ తెలుసనుకుంటాం. అతనికి రోజుకి ఇన్ని ఇళ్ళు తిరగాలని లెక్క ఉంటుంది, తెలుసుకునే తీరిక ఉండదు. అతన్ని కూడా ఏమంటాం. కాదు, ఆ సీనియర్‌ని మాత్రం అనాల్సిందే.

గది ఖాళీ చేసి వారం అయింది. ఒక శనివారం పొద్దున్న ఆ గదిలో బట్టలు మడతపెడుతూ ఏసీ వేశాను. అదే వాసన, ఇంకాస్త ఎక్కువగా. మంచం మీద మనిషి లేదు, దుప్పటి లేదు, తైలం లేదు. నాకు తల కొట్టేసినట్టయింది. హాల్లోకి వెళ్ళి అత్తయ్యగారి పక్కన కూర్చుని, అసలు మీకు ఆ వాసన ఎలా అనిపించేదని మొదటిసారి అడిగాను.

"మొదటి రోజే అన్నాను కదమ్మా, తూము వాసన అని. కళ్ళు మూసుకుని పడుకుంటే ఇంకేం పని, అన్నీ తెలుస్తాయి. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిదిదాకా, పైవాళ్ళు స్నానాలు చేసేటప్పుడు ఎక్కువ. గోడలోంచి నీళ్ళు జారిన చప్పుడు అయిందా, వెనకే గుప్పుమంటుంది. మధ్యాహ్నం అంత ఉండదు."

నేను చదివిన బీయస్సీ, బీఈడీ ఎందుకు?

మా వీధి మొదట్లో ఫ్రిజ్‌లు, కూలర్లు బాగుచేసే పెద్దాయన ఉన్నాడు. ఆయన్ని పిలిచి, అత్తయ్యగారు చెప్పింది చెప్పినట్టు చెప్పాను. "ఆయ్, అయితే డ్రైన్ పైపు ఎక్కడికెళ్తోందండీ?" అన్నాడు. ముగ్గురు టెక్నీషియన్లు అడగని ప్రశ్న.

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన అక్టోబరులో మా ఏసీ నీళ్ళు కింది ఫ్లాటు బాల్కనీలో పడుతున్నాయని అసోసియేషన్ సెక్రటరీ నోటీసు అంటించాడు, మా పేరుతో సహా, లిఫ్టు పక్కన. పరువు పోయిందని అదే వారం ఎవరో ప్లంబర్‌ని పట్టుకొచ్చి పైపు బాత్రూంలోకి తిప్పించాం. అతను దాన్ని వాష్‌బేసిన్ వెనక గోడలోంచి తిన్నగా డ్రైనేజీ లైన్లోకి దూర్చి సిమెంటు పూసి వెళ్ళిపోయాడు. పైకి చూడటానికి ముచ్చటగా ఉంది. ఆ వెంటనే ఏసీ కాలం అయిపోయింది కాబట్టి మాకేం తెలియలేదు.

బాత్రూం నేల మీది జాలీ కింద ట్రాప్‌లో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలిచి ఉంటాయి, లైన్లోని కంపు పైకి రాకుండా ఆపేది ఆ నీళ్ళే. మా పైపు ఆ నీళ్ళని తప్పించుకుని అవతలికి వెళ్ళి కూర్చుంది. అంటే అపార్ట్‌మెంటు మొత్తం డ్రైనేజీకి మా వెనక గది ఏసీ ఒక పొగగొట్టం. బ్లోవర్ తిరిగితే ట్రే లోంచి ఆ గాలిని లాక్కుంటుంది. పైఅంతస్తుల్లో నీళ్ళు వదిలినప్పుడల్లా లైన్లో గాలి నెట్టుకొస్తుంది. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది. ప్రెషర్ గురించి ఎనిమిదో తరగతికి పాఠం చెప్పేది నేనేనండీ.

పెద్దాయన ఏసీ దగ్గర పైపు ఊడదీసి, దాని చివర నా మొహం ముందు పెట్టి "చూడండమ్మా" అన్నాడు. ఒక్కసారి పీల్చి బాల్కనీలోకి పరిగెత్తాను. పైపు నోటికి తడిగుడ్డ కుక్కి, ఏసీని ఫ్యాన్ మోడ్‌లో పదిహేను నిమిషాలు తిప్పాడు. వాసన లేదు. సిమెంటు పగలగొట్టి పైపు బయటికి లాగి, గోడలో కంతని ఎం-సీల్‌తో మూశాడు. పైపు చివర ఇప్పుడు జాలీకి రెండంగుళాల పైన గాలిలో ఉంటుంది, దేనిలోనూ దూరదు. మొత్తం 400 తీసుకున్నాడు. 500 ఇస్తే వంద వెనక్కిచ్చాడు.

ఆ బాత్రూం వాడకపోతే వారానికోసారి జాలీలో చెంబుడు నీళ్ళు పోయమన్నాడు, ట్రాప్ ఎండిపోతే నేల మీంచే కంపు వస్తుందట. ఏసీ ఆపేముందు అరగంట ఫ్యాన్ మోడ్‌లో తిప్పితే కాయిల్ ఆరి బూజు పట్టదన్నాడు. వైరు కాలిన వాసనగానీ వస్తే ఎవరికీ ఫోన్లు చేస్తూ కూర్చోకుండా ముందు ఎంసీబీ, అంటే కరెంటు బోర్డులో ఏసీ స్విచ్చి, దించెయ్యమన్నాడు. చచ్చిన బల్లి అయితే ముక్కు చెబుతుందట, వేరే పరీక్ష అక్కర్లేదు. ఏసీ తీసుకున్నవాళ్ళు ఇవన్నీ చేసుకోండి. కానీ ముందు మీ పైపు ఎక్కడ ముగిసిందో ఇవాళే వెళ్ళి చూడండి, ముఖ్యంగా అసోసియేషన్ నోటీసుకి భయపడి మార్పించినవాళ్ళు.

మా సెక్రటరీకి ఈ సంగతి చెబితే, "పైపు బయటికి తియ్యలేదు కదా మేడం" అన్నాడు.

తైలం సీసా నేనే ట్రంకులోంచి తీసి బల్ల మీద పెట్టాను. క్షమించమని అడుగుదామని రెండుసార్లు నోరు తెరిచాను గానీ మాట రాలేదు. రాత్రి అత్తయ్యగారు పైపు చివర ఎత్తి బకెట్ మీదికి పెట్టించారు, తెల్లారేసరికి సగం నిండింది, బాల్కనీలో మొక్కలకి పోశారు. రూమ్ ఫ్రెషనర్ డబ్బా చెత్తబుట్టలో వేశాను. ఇవాళ పొద్దున చూస్తే బాత్రూం అరలో ఉంది.

"డబ్బు పెట్టి కొన్నావు కదమ్మా, పారేయడం ఎందుకు" అన్నారు.