అమ్మని క్లినికల్ ట్రయల్‌లో చేర్చిన అనుభవం

నిన్న సాయంత్రం అమ్మకి మొదటి మందు సీసా ఇచ్చారు. ఇక్కడిదాకా రావడానికి రెండు నెలలు పట్టింది. అందులో ఒక్క మధ్యాహ్నం తల్చుకుంటే ఇప్పటికీ నా కడుపు రగిలిపోతుంది. అది చల్లారకముందే రాసేస్తున్నాను. ఆసుపత్రి విశాఖలోనే, పేరు మాత్రం రాయను. చివరికి మా మాట విన్నవాళ్లు కూడా అందులోనే ఉన్నారు కాబట్టి.

అమ్మకి అరవై మూడేళ్లు. పద్దెనిమిదేళ్లుగా షుగరు. కళ్లకి లేజర్ అయింది. ఇప్పుడు కిడ్నీల వంతు. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీను 30 లోపు ఉండాల్సింది, ఆమెకి 640 వచ్చింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6, అదీ ఎక్కువే. రిపోర్టు చూసి డాక్టరుగారు, షుగరు వల్ల దెబ్బతిన్న కిడ్నీలకి ఒక కొత్త మాత్ర మీద మూడో దశ ట్రయల్, అంటే అమ్మకానికి రాకముందు ఎక్కువమంది రోగుల మీద చేసే పరీక్ష, జరుగుతోంది, చేరతారా అని అడిగారు. ఇప్పుడు వాడే మందులు ఆపక్కర్లేదు, వాటితో పాటు రోజుకి ఇంకో మాత్ర. కొంతమందికి అసలు మందు, మిగతావాళ్లకి అచ్చం అలాగే ఉండే మందు లేని మాత్ర. ఎవరికి ఏది పడిందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. ఆయన ఇదంతా పది నిమిషాల్లో చక్కగానే చెప్పారు. ఆలోచించుకోమని కాగితాలిచ్చి పంపారు. ఇక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

ఆ కాగితాలు ఇరవై రెండు పేజీలు. తెలుగులోనే ఉన్నాయి, కానీ అది ఏ ఊరి తెలుగో నాకు తెలియలేదు. నేను మధురవాడలో ఒక దస్తావేజు లేఖరి దగ్గర పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. విక్రయ దస్తావేజులు, గిఫ్టు డీడులు, వీలునామాలు కొన్ని వందలు నా చేతిమీదుగా వెళ్లాయి. మెలికల భాష నాకు కొత్త కాదు. అలాంటి నేనే రెండో పేజీలో 'యాదృచ్ఛికీకరణ' దగ్గర ఆగిపోయాను. ఎవరికి ఏ మాత్రో లాటరీ తీసినట్టు తేల్చడమట. ఆ కింద 'ఇది ద్వంద్వ అంధ అధ్యయనం' అని ఉంది. రాత్రి అన్నాలయ్యాక పైకి చదువుతుంటే అమ్మ ఉలిక్కిపడింది.

"అందం కాదు, అంధం అన్నావు కదే. అంటే ఆ మాత్ర మింగితే కళ్లు పోతాయేటి?"

లేజర్ చేయించుకున్న మనిషి అడిగే మాట అది. మందు ఎవరికి పడిందో ఇద్దరికీ తెలియకుండా ఉంచడాన్నే అలా రాశారని ఆమెకి నచ్చజెప్పేసరికి అరగంట పట్టింది. 'ఎవరికి ఏ మాత్ర పడిందో మీకూ చెప్పరు, డాక్టరుకీ చెప్పరు' అని రాస్తే సరిపోయేది. ఆ మాట రాసినవాళ్లు ఒక్కసారైనా ఒక షుగరు పేషెంటు ఎదురుగా కూర్చుని చదివి ఉంటే కదా!

ఇక ఆ మధ్యాహ్నం గురించి.

మే నెల. పదకొండింటికి రమ్మన్నారు, రెండున్నరకి లోపలికి పిలిచారు. చిన్న గది, టేబులు మీద మూడుకాళ్ల స్టాండు, దానికి కెమెరా. కొత్త మందుల ట్రయల్స్‌లో, నిస్సహాయ స్థితిలో ఉన్నవాళ్ల దగ్గర అంగీకారం తీసుకునేటప్పుడు వీడియో తీసి భద్రపరచాలని నిబంధన. 2013లో సుప్రీంకోర్టు గట్టిగా అన్నాక ఈ పద్ధతి వచ్చింది, 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లో కూడా ఉంది. రోగికి అన్నీ చెప్పారా, ఆమెకి అర్థమైందా అన్నదానికి సాక్ష్యంగా ఉండాలని దాని ఉద్దేశం. మంచి నిబంధన. ఆ గదిలో దాన్ని ఏం చేశారో చెప్తాను.

శబ్దం రికార్డవుతుందని ఫ్యాను ఆపేశారు. డాక్టరుగారు లేరు. కోఆర్డినేటర్ అని ఒక కుర్రాడు, పక్కన ట్రైనింగుకి వచ్చినట్టున్న ఇద్దరు. కాగితంలోంచి గబగబా చదివేసి, "మామ్మా, ఇప్పుడు కెమెరా చూసి చెప్పు. నాకు అంతా అర్థమైంది, నేను స్వచ్ఛందంగా పాల్గొంటున్నాను, అను" అన్నాడు.

అమ్మ చెప్పింది. "నాకు అంతా అర్దమయినాది బాబూ. నా ఇష్టం మీదే సేరతన్నాను."

అతను రికార్డింగు ఆపాడు. "అలా కాదు. మంచి తెలుగులో చెప్పాలి. స్వచ్ఛందంగా."

"సొచ్చందంగా."

పక్కవాళ్లిద్దరూ నవ్వారు. మళ్లీ మొదటినుంచి. మళ్లీ అదే మాట దగ్గర ఆపాడు. అలా ఐదుసార్లు. మూడోసారికే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కొంగు తియ్యి, మొహం పడట్లేదు" అన్నాడు. నాలుగోసారి ఆ మాట ఆమె గొంతులోంచి రాలేదు, పెదాలు మాత్రం కదిలాయి. మెడ మీంచి చెమట కారి జాకెట్టు తడిసిపోయింది. మా అమ్మ ఎం.వి.పి. కాలనీ రైతుబజారులో ఇరవై ఏళ్లు కూరలమ్మింది. ఏ ఆఫీసరమ్మ బేరమాడినా చూపు దించని మనిషి. ఆమె నేల చూపులు చూడడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

ఆమె చెప్పిన మొదటి వాక్యంలోనే అంగీకారం ఉంది. 'నా ఇష్టం మీదే' అన్నదానికన్నా నిజమైన మాట ఇంకేముంటుంది? వాళ్లకి కావలసింది కాగితం మీద ఉన్న మాట వీడియోలో వినపడడం. అంతే. 1923లో ఇక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ వచ్చిన దగ్గరనుంచీ ఇటు శ్రీకాకుళం, విజయనగరం, అటు కోరాపుట్ దాకా జనం జబ్బు చేస్తే విశాఖే వస్తున్నారు. ఆ జనం మాట్లాడేది ఈ తెలుగే. ఇది మంచి తెలుగు కాదనే మనిషికి ఇక్కడి రోగుల దగ్గర కూర్చునే అర్హత లేదు. ఈ మాట అతని మొహం మీదే అనాల్సింది. ఆ క్షణాన నోరు పెగల్లేదు.

అంతటితో అయిపోలేదు. నామినీ పేరు చెప్పమన్నాడు. "నామినీ ఎందుకు బాబూ? సచ్చిపోతే డబ్బులెవులికనా?" అని అమ్మ అడిగింది. "అన్ని ఫారాల్లోనూ ఉంటుందిలే మామ్మా" అన్నాడు. ఆమె అడిగింది అక్షరాలా నిజం. ట్రయల్ వల్ల ప్రాణం పోతే నష్టపరిహారం ఇవ్వాలి, అందుకే ఆ గడి. దానికి 8 లక్షలు మూలంగా పెట్టుకుని, వయసునీ ముందున్న జబ్బు తీవ్రతనీ బట్టి లెక్క కట్టే సూత్రం కూడా ఉంది. ఆమెకి తెలియాల్సిన ముఖ్యమైన సంగతే అది.

తర్వాత ఇంకు ప్యాడ్ తెచ్చి, అమ్మ చెయ్యి పట్టుకుని బొటనవేలు అదిమాడు. చదువురాని వాళ్లయితే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఒకరు మొదటినుంచి చివరిదాకా కూర్చుని, అంతా విని, సంతకం పెట్టాలి. అతనేం చేశాడంటే తలుపు తీసి, వరండా తుడుస్తున్న ఆయమ్మని పిలిచి "ఇక్కడ ఒక సంతకం పెట్టు" అన్నాడు. ఆమె కర్ర గోడకానించి, చెయ్యి చీరకి తుడుచుకుని వచ్చింది. పాపం, ఆమె తప్పేమీ లేదు.

అప్పుడు నా నోరు లేచింది. సెంటు స్థలం రిజిస్ట్రేషనుకే ఇద్దరు సాక్షులు సబ్-రిజిస్ట్రారు ఎదురుగా నిలబడాలి. గుమ్మం బయట ఉన్నవాడిని పిలిచి సంతకం పెట్టించారని తెలిస్తే మా ఆఫీసులో ఆ దస్తావేజు ముందుకు కదలదు. మనిషి ఒంట్లోకి కొత్త మందు పంపడానికి ఈపాటి విలువ కూడా లేదా అని అడిగాను. "మేడం, ఇది ఫార్మాలిటీ" అన్నాడు. కాపీ ఇవ్వమంటే తర్వాత ఇస్తామన్నాడు. నింపిన ఫారం కాపీ రోగికి ఇచ్చి తీరాలి. అమ్మని లేపి తీసుకొచ్చేశాను.

ఇంట్లో మా బావగారు "ఎలకల మీద చేసినట్టు చేస్తారని అప్పుడే చెప్పాను" అని మొదలుపెట్టారు. ఆయన మాట నేను ఒప్పుకోను. అమ్మ రోజూ మింగే ప్రతి మాత్రా ఎప్పుడో ఎవరో ఒకరు ముందు ఒప్పుకుని మింగి చూసిందే. తప్పు ట్రయల్ చేయడంలో లేదు. మన రాష్ట్రంలోనే, ఉమ్మడిగా ఉన్న రోజుల్లో, 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. హాస్టలు పిల్లల ఫారాల మీద వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. 2010 ఏప్రిల్లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం కడిగిపారేసింది. అక్కడ పోయిన పిల్లల మరణాలకి టీకా కారణం అయి ఉండకపోవచ్చని విచారణ కమిటీ చెప్పింది. కానీ ఆ సంతకాలకి జవాబేది? పిల్లలనీ వాళ్ల అమ్మానాన్నలనీ కూర్చోబెట్టి అడగడానికి తీరిక లేకపోయింది. మా అమ్మ విషయంలోనూ లేకపోయింది అదే తీరిక.

ఆ రాత్రి 2019 నిబంధనల గెజెట్ ఫోనులో తెరిచి కూర్చున్నాను. సెక్షన్ల మధ్య దారి వెతుక్కోవడం నా వృత్తి, రెండు గంటల్లో కావలసినవన్నీ పట్టుకున్నాను. కాగితాల చివరి పేజీలో ఎథిక్స్ కమిటీ నంబరు ఉంటుంది. దయచేసి ఆ పేజీ ఫోటో తీసి పెట్టుకోండి. ప్రతి ట్రయల్‌నీ ఆమోదించి, కనిపెట్టుకుని ఉండాల్సిన కమిటీ అది. కనీసం ఏడుగురుంటారు. అందరూ డాక్టర్లే కాదు, చట్టం తెలిసినవాళ్లు ఒకరు, మామూలు మనిషి ఒకరు ఉండాలి. సగం మంది ఆ ఆసుపత్రికి చెందనివాళ్లయి ఉండాలి. ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఎత్తరు కూడా, ఆ ప్రయత్నంలో రోజులు పాడుచేసుకోకండి. నేను ఒకటిన్నర పేజీ అర్జీ రాసి, తేదీ, సమయం, ఎవరు ఏమన్నారో వరసగా పెట్టి, స్వయంగా ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకున్నాను. ఇన్వర్డు గుమస్తా ముద్ర వేయడానికి నలభై నిమిషాలు తిప్పాడు. వేసేదాకా కదల్లేదు.

తొమ్మిదో రోజు ఫోను వచ్చింది. కమిటీలో ఉన్న ఒక లాయరుగారు, ఆడమనిషి. "ఆమె చెప్పిన వాక్యం నాకు ఉన్నదున్నట్టు చెప్పండి" అన్నారు. చెప్పాను. "అది చాలు కదమ్మా" అన్నారు ఆవిడ. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. పాత ఫారం, వీడియో పక్కన పెట్టి, ఇష్టమైతేనే మళ్లీ మొదటినుంచి చేస్తామన్నారు.

మళ్లీ వెళ్తావా అని అమ్మని అడిగాను. "ఆ కుర్రోడు ఉంటే రాను. పెద్ద డాక్టరు సెప్తే యింటాను" అంది.

ఈసారి డాక్టరుగారే కూర్చున్నారు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. సాక్షిగా వేరే పేషెంటుతో వచ్చిన భీమిలి టీచరుగారు, ఆయన చివరిదాకా ఉన్నారు. యాభై నిమిషాలు. డాక్టరుగారు ఒక్కొక్క సంగతీ చెప్పి, "ఇప్పుడు నీ మాటల్లో నువ్వు నాకు చెప్పు" అన్నారు. అమ్మ చెప్పింది. "ఉత్తి మాత్ర పడితే నాకు గుణం రాదు, అసలుదయినా వత్తాదని గేరంటీ లేదు. నచ్చకపోతే మానీవొచ్చు, మానీసినా నా మామూలు మందులు మీరు ఆపరు. దీనివల్ల ఒంట్లో ఏదైనా తేడా వత్తే కర్సు మీది." కెమెరా ఆ మాటలన్నీ తీసుకుంది. నామినీ ఎందుకో కూడా ఆయన దాచకుండా చెప్పారు. అమ్మ తలూపి నా పేరు రాయమంది.

తర్వాత ఆమె అడిగింది, ఇరవై రెండు పేజీలు చదివిన నాకు తట్టనిది.

"బాబూ, మందు నాకు పన్జేసిందనుకో. మీ పరీచ్చ అయిపోనాక అది నాకు ఎవులిత్తారు?"

డాక్టరుగారు కాసేపు మాట్లాడలేదు. ఆమెకి వేరే దారి లేని పరిస్థితి ఉండి, తను సిఫారసు చేసి, కమిటీ ఒప్పుకుంటే కంపెనీ ఉచితంగా ఇవ్వాలని నిబంధన ఉందనీ, ఇవన్నీ కలిసొస్తాయని ఇప్పుడే మాట ఇవ్వలేననీ చెప్పారు. "ఇవ్వలేనని సెప్పినావు కదా, అది మంచిమాట" అంది అమ్మ. తనే ప్యాడ్ దగ్గరికి లాక్కుని వేలిముద్ర వేసింది. కాపీ అప్పుడే చేతిలో పెట్టారు.

రక్తం, మూత్రం, ఈసీజీ ఒక పూటలో అయిపోయాయి. రిపోర్టులు సరిపోయాయని పది రోజులకి పిలిచారు. నిన్న కంప్యూటర్లో ఏదో నొక్కితే ఒక నంబరు వచ్చింది, ఆ నంబరున్న సీసా ఇచ్చారు. దారిఖర్చుకి ఐదువందలు ఇచ్చారు. ఆ పాత కోఆర్డినేటర్ వరండాలో కనిపించాడు, చూడనట్టు పోయాడు. క్షమాపణ చెప్తాడని ఎదురుచూశాను. చెప్పలేదు. అది నేను మర్చిపోను.

చేరేవాళ్లు ముందు మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ, సీటీఆర్ఐలో ఆ ట్రయల్ ఉందో లేదో చూడండి, 2009 నుంచి నమోదు తప్పనిసరి. కాగితాలు ఇంటికి ఇవ్వనంటే ఆ గుమ్మం దిగిపోండి. పెద్దవాళ్లని ఒంటరిగా పంపకండి.

రాత్రి అన్నం తిన్నాక అమ్మ సీసా మూత తీసి మాత్రలు స్టీలు పళ్లెంలో పోసింది. మళ్లీ వెళ్లినప్పుడు మిగిలినవి తేవాలి, లెక్కపెడతారని చెప్పారు కదా. నిమ్మకాయలు లెక్కపెట్టినట్టు నాలుగేసి పక్కకి జరిపింది.

"తొమ్మిది పుంజీలు. ఇరవై ఎనిమిది రోజులకి రమ్మన్నారు కదా, రెండు పుంజీలు మిగలాల. రాసి పెట్టు."

రాసి పెట్టాను.