ఇంగ్లీషు వ్యాసంలో వాక్యానికీ వాక్యానికీ మధ్య

గుంటూరు బ్రాడీపేటలో విదేశీ చదువుల పరీక్షలకు సిద్ధమయ్యే పిల్లల పుస్తకాల్లో ఒక జిరాక్సు కాగితం తరచుగా కనిపిస్తుంది. ఎడమవైపు ‘అదనపు విషయం’, ‘విరోధం’, ‘కారణం’, ‘ఫలితం’ అని శీర్షికలు ఉంటాయి; వాటికి ఎదురుగా మోరోవర్, ఫర్దర్‌మోర్, హౌఎవర్, నెవర్‌దలెస్, దేర్‌ఫోర్, కాన్సిక్వెంట్లీ వంటి ట్రాన్సిషన్ వర్డ్స్, అంటే వాక్యాలను కలిపే అనుసంధాన పదాలు, వరుసగా ఉంటాయి. ఆ మాటలు నేర్చుకోవలసినవే. అయితే చాలాకాలంగా ఇంగ్లీషు వ్యాసాలు దిద్దుతున్న నాకు ఆ జాబితా మీద ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఒకే గడిలో ఉన్న మాటల్లో ఏది వాడినా ఒకటేనన్న నమ్మకాన్ని అది కలిగిస్తుంది. ఆ నమ్మకంతో రాసిన పేరాలో అనుసంధాన పదాలు నిండుగా ఉంటాయి గానీ, ఏ విషయం దేనికి కారణమో, ఏది దేనికి విరుద్ధమో చదివేవారికి అందదు.

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడను ముంచెత్తిన వరద గురించి రాయమంటే, ఆ నీళ్లను కళ్లారా చూసిన పిల్లలు కూడా ఇంచుమించు ఇలా రాస్తారు: ‘భారీ వర్షాలు కురిశాయి. మోరోవర్, బుడమేరు కట్టకు గండ్లు పడ్డాయి. ఫర్దర్‌మోర్, సింగ్‌నగర్ నీట మునిగింది. ఇన్ అడిషన్, జనం మేడల మీద చిక్కుకుపోయారు.’ ఇందులో వ్యాకరణ దోషం ఒక్కటి కూడా లేదు. కానీ విజయవాడ ఎరగని పాఠకుడికి ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు కష్టాలుగా కనిపిస్తాయి. మోరోవర్ అన్న మాట వాడామంటే, ఇప్పటిదాకా చెప్పినది ఒక అభిప్రాయానికి ఒక ఆధారమనీ, దానికి మరింత బలం చేకూర్చే రెండో ఆధారాన్ని ఇప్పుడు చెబుతున్నామనీ అర్థం. పై పేరాలో అలాంటి అభిప్రాయమేదీ లేదు. వర్షం వల్ల బుడమేరు వాగు పొంగింది, గండ్లు పడటం వల్ల నగరంలోని సింగ్‌నగర్ ప్రాంతం మునిగింది, ఇళ్లు మునగడం వల్ల జనం మేడలెక్కారు. కార్యకారణంగా నడిచిన కథను ఆ మూడు మాటలు వస్తువుల పట్టికగా మార్చేశాయి.

దీనికి పూర్తిగా భిన్నమైన పొరపాటు మరొకటి ఉంది, నా దృష్టిలో అది మరింత తీవ్రమైనది. ‘ప్రకాశం బ్యారేజీకి రికార్డు స్థాయిలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది; దేర్‌ఫోర్, సింగ్‌నగర్ మునిగింది’ అని రాస్తే, ఆ బ్యారేజీ ఉన్న కృష్ణా నది నీళ్లే సింగ్‌నగర్‌ను ముంచాయని రచయిత తేల్చి చెప్పినట్లవుతుంది. ముంచినది బుడమేరు. కృష్ణ నిండుగా పారుతున్నందువల్ల బుడమేరు మళ్లింపు కాలువ నీరు అందులో కలవలేకపోవడం కూడా పరిస్థితిని కష్టతరం చేసిందని చెప్పదలచుకుంటే, ఆ మధ్య మెట్టును ఒక పూర్తి వాక్యంగా రాయాలి. రాయని వాక్యం చేయవలసిన పనిని దేర్‌ఫోర్ చేయలేదు. అనుసంధాన పదం అలంకారం కాదు, అది ఒక ప్రతిపాదన; వాక్యంలోని మిగతా విషయాలకు రచయిత ఎంత బాధ్యుడో ఆ ఒక్క మాటకూ అంతే బాధ్యుడు. ఈ సంగతిని మన పిల్లలకు ముందుగా చెప్పి, జాబితాను తర్వాత ఇవ్వాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఈ చిక్కు మనవాళ్లకు ఎందుకు ఎదురవుతుందో ఆలోచిస్తే కొంత కారణం తెలుగు వాక్య నిర్మాణంలోనే కనిపిస్తుంది. తెలుగులో సంబంధాన్ని చాలావరకు క్రియ మోస్తుంది. పదో తరగతి వ్యాకరణంలో చదివిన క్త్వార్థకం (చేసి), శత్రర్థకం (చేస్తూ), చేదర్థకం (చేస్తే), అప్యర్థకం (చేసినా) అన్నీ ఆ పని చేసేవే. ‘గండి పడి, నీళ్లు వచ్చి, ఇళ్లు మునిగి, జనం మేడలెక్కారు’ అనే వాక్యంలో క్త్వార్థకం ఒకదాని తర్వాత ఒకటి జరిగిందని చెబుతుంది, ఒకదాని వల్ల ఒకటి జరిగిందని కూడా స్ఫురింపజేస్తుంది. వినేవారు సందర్భాన్ని బట్టి గ్రహిస్తారు, ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఇది తెలుగు వాక్యానికున్న గొప్ప సౌలభ్యం. ఇంగ్లీషు వ్యాసానికి వచ్చేసరికి, ‘తర్వాత’ అంటున్నామా, ‘అందువల్ల’ అంటున్నామా అన్నది రచయితే నిర్ణయించి విడిగా ఒక మాటలో చెప్పవలసిన సందర్భాలు ఎక్కువ. మాట దొరకకపోవడం కంటే ఆ నిర్ణయం చేయకపోవడమే పిల్లల వ్యాసాల్లో నాకు ఎక్కువగా కనిపించే లోటు. అందుకే వారిని మొదట తెలుగులోనే అడుగుతాను: ‘ఈ రెండు వాక్యాలకూ సంబంధం ఏమిటమ్మా?’ జవాబు స్పష్టంగా వస్తే ఇంగ్లీషు మాట వెతకడం కష్టం కాదు.

‘వర్షం పడుతున్నా వెళ్లాం’ అన్నప్పుడు తెలుగులో విరోధం ఒక్క ‘నా’తో తేలిపోతుంది. దాన్నే ఇంగ్లీషులో పెట్టేటప్పుడు వాక్యం మొదట ఆల్దో, మధ్యలో బట్ రెండూ చేరుతున్నాయి; ఒకటి తీసేయాలి. ఆల్దో, బికాజ్ వంటివి ఒకే వాక్యంలోని రెండు భాగాలను కలుపుతాయి. హౌఎవర్, దేర్‌ఫోర్ వంటివి అలా కలపలేవు. రెండు పూర్తి వాక్యాల మధ్య వచ్చినప్పుడు వాటికి ముందు ఫుల్‌స్టాప్ గానీ సెమీకోలన్ గానీ ఉండాలి, తర్వాత కామా రావాలి. అలాగే ఆన్ ది కాంట్రరీ ముందు చెప్పిన మాటను ఖండిస్తుంది, ఆన్ ది అదర్ హ్యాండ్ దాన్ని ఒప్పుకుంటూనే రెండో పక్షాన్ని చూపుతుంది. ఒకే గడిలో ఉన్నంత మాత్రాన ఇవి ఒకటి కావు.

ఇంతకంటే విలువైన విషయం ఒకటుంది, దాన్ని ఆ జిరాక్సు కాగితం అసలే చెప్పదు. భాషాశాస్త్రవేత్తలు హాలిడే, రుఖయ్యా హసన్ 1976లో ఇంగ్లీషు రచనలో వాక్యాలు ఒకదానితో ఒకటి ముడిపడే తీరును వివరిస్తూ ఐదు మార్గాలు చూపించారు. సర్వనామాల వంటి వాటితో ముందు మాటను సూచించడం, ఒక మాటకు బదులు మరొకటి ఉంచడం, తెలిసిన మాటను వదిలేయడం, అనుసంధాన పదం వాడటం, అదే పదాన్నో దానికి దగ్గరి పదాన్నో తిరిగి తేవడం. మనం ప్రాణం పెట్టి బట్టీపట్టేది ఈ ఐదింటిలో ఒక్కదాన్ని మాత్రమే. మిర్చి ధరల మీద రాసిన ఒక పేరాను తీసుకుందాం: ‘ధర పడిపోయినప్పుడు రైతు సరుకును యార్డుకు తేకుండా కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. ఈ నిరీక్షణకు అద్దె కట్టాలి. ఆ అద్దె, తెచ్చిన అప్పు మీద వడ్డీ కలిసి, ధర పెరిగినప్పుడు వచ్చే లాభంలో కొంత తినేస్తాయి.’ దీన్ని ఇంగ్లీషులోకి మార్చినా ఎక్కడా మోరోవర్ అవసరం రాదు. రెండో వాక్యం మొదటిదాన్ని ‘ఈ నిరీక్షణ’ అని పట్టుకుంది, మూడోది రెండోదాన్ని ‘ఆ అద్దె’ అని పట్టుకుంది. ఇంగ్లీషులో దిస్ తర్వాత ఒక నామవాచకం చేరిస్తే చాలు, ఈ పట్టు దొరుకుతుంది. దిస్ డిలే, దిస్ కాస్ట్, సచ్ లాసెస్. పైగా ఆ నామవాచకాన్ని ఎంచుకోవడంలోనే రచయిత అభిప్రాయం తెలుస్తుంది: జరిగినదాన్ని నిరీక్షణ అనడం వేరు, జూదం అనడం వేరు.

పరీక్షల దృష్టితో చూసినా విషయం ఇదే. విదేశాల్లో చదవదలచినవారి ఇంగ్లీషు సామర్థ్యాన్ని పరీక్షించే ఐఈఎల్‌టీఎస్‌లో, రాత విభాగంలోని రెండో ప్రశ్నగా వచ్చే వ్యాసానికి 40 నిమిషాల్లో కనీసం 250 పదాలు రాయాలి. దాన్ని దిద్దే నాలుగు ప్రమాణాల్లో పొందిక ఒకటి, మార్కుల్లో నాలుగో వంతు దానిదే. ఆ ప్రమాణం కింది స్థాయిల్లో అనుసంధాన పదాలను అతిగా వాడటాన్ని లోపంగా పేర్కొంటుంది, పై స్థాయిలో ఆ అల్లిక పాఠకుడి దృష్టిని దాదాపు ఆకర్షించనే కూడదంటుంది. మార్కుల కోసం ప్రతి వాక్యం ముందూ ఒక మాట అతికించే విద్యార్థి తన మార్కులను తానే తగ్గించుకుంటున్నాడు.

రాయడం అయ్యాక చివరి ఐదు నిమిషాలు మిగుల్చుకుని, వాక్యాల మొదట్లో ఉన్న అనుసంధాన పదాలన్నిటి మీదా చేయి అడ్డుపెట్టి చదవమని నేను చెబుతాను. సంబంధం దానంతటదే తెలుస్తున్న చోట ఆ మాటను కొట్టేయవచ్చు. విషయం మలుపు తిరిగిన చోట, అంటే ఒప్పుకున్న మాటకు అడ్డం చెబుతున్నప్పుడో, కారణం నుంచి ఫలితానికి వెళుతున్నప్పుడో, పాఠకుడు దారి తప్పే ప్రమాదం ఉంటే దాన్ని ఉంచాలి. ఏ మాట పెట్టినా రెండు వాక్యాలు కలవకపోతే వాటి మధ్య రాయవలసిన వాక్యం ఇంకొకటి ఉందని అర్థం. అప్పుడు పదం కోసం వెతకడం మాని ఆ వాక్యం రాయాలి.