గోడ మీద మా అడంగల్

సోమవారం మీటింగులో డ్రాయింగుల లిస్టు చూపిద్దామని లాప్‌టాప్‌ని ప్రొజెక్టర్‌కి తగిలించాను. బ్రౌజర్ తెరవగానే గోడ మీద, పై బారులో, నేను దాచుకున్న లింకులు వరసగా తెలుగులో: మీభూమి అడంగల్, పలాస రైళ్లు, జీడిపప్పు రేటు, తుపాను హెచ్చరికలు. పన్నెండు మంది ముందు మేనేజరు, "ఈ కంప్యూటర్ కంపెనీది, నీది కాదు" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

ఇక్కడ దోహాలో పనిచేసే సైటు మారాక కంపెనీ కొత్త లాప్‌టాప్ ఇచ్చింది. పాత లింకులు మళ్లీ ఎక్కడ వెతుక్కుంటామని క్రోమ్‌లో సొంత జీమెయిల్‌తో లాగిన్ అయి, ఆ అకౌంటులో దాచినవి ఈ మెషీన్లోకి తెచ్చే సింక్ ఆన్ చేశాను. లింకులొక్కటే వస్తాయనుకున్నా. వాటి వెనకే నా పాస్‌వర్డులు, చూసిన పేజీల చిట్టా కూడా వచ్చి కూర్చున్నాయి.

అయినా మేనేజరు మాట రెండు రోజులు మింగుడుపడలేదు. డిగ్రీ రోజుల్లో శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నెట్ సెంటర్లో ఒక్కో సిస్టంలో పదిమంది లింకులుండేవి. ఓనరే మనిషికో ఫోల్డరు చేసి పేర్లు పెట్టేవాడు: "టెక్కలి మేస్టారు", "రిజల్ట్స్ కుర్రోళ్లు". మా కంప్యూటర్లో నీకేటి పని అని ఎవరూ అనలేదు. ఇక్కడ కుర్చీకి కూడా నంబరు అంటిస్తారు. (అదే సెంటర్లో ఓసారి నా మెయిలు ఎవరో తెరిచి చదివారు. ఆ సంగతి మాత్రం ఆలస్యంగా గుర్తొచ్చింది.)

అమ్మ నా వైపు మాట్లాడుతుందని ఫోన్ చేశాను. "ఆల్లదే గదేటి, నీ సామాన్లెందుకెట్టీసినావు?" అంది.

గురువారం పక్క సీటు ఫిలిప్పీన్స్ ఆవిడ టీ పట్టుకొచ్చి కూర్చుంది. ఏమీ అడక్కుండా బుక్‌మార్క్ మేనేజర్లో మూడు చుక్కలు నొక్కి ఎక్స్‌పోర్ట్ కొట్టింది. లింకులన్నీ కలిపి ఒకే ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు. "ఇది నీకు నువ్వే మెయిల్ చేసుకో, తర్వాత సింక్ ఆపెయ్" అంది. ఆపేటప్పుడు ఈ మెషీన్లో ఉన్నవి తుడిచెయ్యమని టిక్కు పెట్టకపోతే లింకులు ఇక్కడే ఉండిపోతాయట. ఆ టిక్కు కూడా తనే పెట్టించింది. మీటింగు ఊసెత్తలేదు.

రాత్రి రూములో సొంత లాప్‌టాప్‌లో ఫైర్‌ఫాక్స్‌లోకి ఆ ఫైలు ఎక్కించాను. ఫోల్డర్లు ఉన్నవి ఉన్నట్టే దిగాయి. ఊరికే నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే మొదటి లైన్లో నెట్‌స్కేప్ పేరు! ఆ బ్రౌజర్ 2008లోనే ఆగిపోయింది. అది రాసిన పద్ధతినే క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ ఇంకా చదువుతున్నాయి. తాత పోయినా ఇంటిపేరు నడుస్తున్నట్టు.

ఒక్కో లింకు పక్కన పది అంకెలున్నాయి. 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లవి, లింకు దాచిన వేళ. తుపాను పేజీ పక్కన 1568052417. లెక్కేస్తే 2019 సెప్టెంబరు 9, దోహాలో రాత్రి తొమ్మిది దాటింది. నేను విమానం దిగిన రోజు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా కొబ్బరి చెట్లని పడుకోబెట్టేసిన పదకొండు నెలలకి, క్యాంపు మంచం మీద నేను మొదట దాచుకున్నది అదన్నమాట.

ఎక్కించేటప్పుడు రెండుసార్లు నొక్కినట్టున్నాను, అన్నీ రెండేసి ఉన్నాయి. ఒక్కోటి తీసేస్తూ వచ్చాను. తుపానుది మాత్రం, పోన్లే, రెండూ ఉండనీ అని వదిలేశాను.