పోటు వస్తేనే పడవ కదిలేది
హన్మకొండలో పెరిగిన నాకు నీళ్లంటే భద్రకాళి చెరువు, పాకాల, లక్నవరం. మొన్న కాకినాడలో తమ్ముడి దగ్గరికి పోయినప్పుడు చూశాను, పొద్దున పడవలన్నీ బురదలో ఓ పక్కకు ఒరిగి, తాళ్లు వదులుగా పడి ఉన్నాయి, మధ్యాహ్నానికి అవే పడవలు నీళ్ల మీద తేలుతూ తాళ్లను గుంజుతున్నాయి! పోటు, అంటే సముద్రం నీళ్లు పైకి ఎక్కడం, రోజుకు రెండుసార్లు వస్తుందని, రోజూ ముందురోజు కంటే దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుందని, అమావాస్య పౌర్ణమికి ఎక్కువని అక్కడి పెద్దాయన ఓపిగ్గా చెప్పాడు. సముద్రం నా కంటికి మామూలుగానే ఉంది, ఆయన మాత్రం ఫోన్‌లో మెసేజ్ చూసి "గాలి పెరుగుతుందంట బాబూ, ఇవాళ వద్దు" అని పడవ కట్టేశాడు. ఇలాంటి సముద్రపు హెచ్చరికలు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ ఉన్నది మన హైదరాబాద్‌లోనే, ఎంత గర్వంగా అనిపించిందో.

మన చెరువులకు పోటు లేదు, కానీ ఎండాకాలం సాయంత్రాలు ఉరుములతో గాలిదుమారం లేస్తే లక్నవరం కూడా చూస్తుండగానే మారిపోతుంది. దయచేసి లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకోండి, ఫోటో కోసం విప్పకండి. ఈ ఆదివారం మేమూ పోతున్నాం, పిల్లల సైజు జాకెట్లు ఉన్నాయా అని ముందే ఫోన్ చేసి అడుగుతా, లేవంటే పిల్లలను పడవ ఎక్కించను.